ఏడో నంబరు అడిగిన పేరు

ఆ ఆదివారం పొద్దున పదింటికి జహనుమాలోని కంప్యూటర్ సెంటర్ తాళం తీయించాను. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉన్న అమరనాథ్ సేఠ్ కుటుంబం నడిపే ట్రస్టుది అది. పదో తరగతి దాటిన పిల్లలకు అక్కడ ఉచితంగా కంప్యూటర్ నేర్పిస్తారు. మొత్తం పన్నెండు డెస్క్‌టాప్‌లు. సోమవారం నుంచి వాటి మీద కొత్త పరీక్ష సాఫ్ట్‌వేర్ నడవాలి. ఏ మిషన్‌లో ఏ ప్రాసెసర్ ఉంది, ర్యామ్ సరిపోతుందా, కొత్త సాఫ్ట్‌వేర్ అడిగే సెక్యూరిటీ చిప్పు ఉందా లేదా చూసి, బయాస్ పాతబడిన వాటికి అప్‌డేట్ చేసి, పన్నెండూ సిద్ధమని రిజిస్టర్‌లో సంతకం పెట్టడం నా పని.

బయాస్ అంటే బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఉండే ప్రోగ్రాం. మీట నొక్కగానే అన్నింటికన్నా ముందు లేచేది అదే. నేనెవరిని, నాకేమేం ఉన్నాయి అని తడుముకుని చూసుకుని, తర్వాత మిగతా కంప్యూటర్‌ను లేపుతుంది. దాన్ని మార్చేటప్పుడు ఒక్కటే భయం. మధ్యలో కరెంటు పోకూడదు. సగం పాతదీ సగం కొత్తదీ అయిన బయాస్‌తో కంప్యూటర్ మళ్లీ లేవదు. ఫ్యాన్ తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది.

అందుకని నేను పని మొదలుపెట్టే ముందు ఎప్పుడూ యూపీఎస్‌ను పరీక్షిస్తాను. ఆ రోజు కూడా గోడలోంచి ప్లగ్ పీకేసి, పన్నెండు కంప్యూటర్లూ నడిపించి, గడియారం పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఐదు నిమిషాలు నిలబడింది. ఒక్కటే నడిస్తే మూడు గంటలైనా నిలుస్తుంది. మళ్లీ చార్జి నిండేదాకా ఆగి, అప్పుడు పెన్‌డ్రైవ్ బయటికి తీశాను. తలుపు దగ్గర కుర్చీ వేసుకున్న వాచ్‌మన్ బాబురావు నవ్వాడు. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరైన మనిషి. నేనాయన్ని బాపు అంటాను.

"నీ లెక్క భయపడితే మేం కొలిమి ముట్టించకపోదుము బిడ్డా" అన్నాడు.

భయం నిజమే. మా ఆయన లారీ మీద నాగపూర్ దిక్కు తిరుగుతాడు. ఫలక్‌నుమాలో నాది ఒక్క గది. పొద్దున పోతే రాత్రి దాకా పనే. అందుకని పిల్లలిద్దరినీ మంచిర్యాలలో మా అక్క విమలాదేవి దగ్గర ఉంచాం. ఆశ్రితకు తొమ్మిదేండ్లు. వరుణ్‌కు ఆరు. రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తాను. ఏం తిన్నారో, హోంవర్క్ ఎంత రాశారో ఫొటో తీసి పంపమంటాను. నీకు పోలీసు ఉద్యోగం దొరకాల్సింది అని అక్క ఎత్తిపొడుస్తుంది. ఆ పొద్దున ఆశ్రితకు కొంచెం జలుబు చేసిందని చెప్పింది. జ్వరం లేదంది. అయినా అదే నా తలలో తిరుగుతూ ఉంది.

సెంటర్ ఉన్నది సెల్లార్‌లో. కిటికీలు లేవు. గోడ పైభాగాన, వీధి నేలకు సమానంగా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం కొట్టిన కంత ఒక్కటే. దానికవతల ఫంక్షన్ హాల్. ఆ రోజు అక్కడ పెళ్లి భోజనాలు. గిన్నెల చప్పుడూ, బిర్యానీ వాసనా ఆ కంతలోంచి లోపలికి వస్తున్నాయి. లోపలేమో తడి సున్నం వాసన. ట్యూబ్‌లైట్ల గుయ్ మనే శబ్దం. నడిమధ్యాహ్నమే అయినా లైట్లు ఆర్పితే అరచేయి కనబడదు.

ఒకటిన్నర కావస్తుండగా పదకొండు పూర్తయ్యాయి. ఒక్కో మిషన్‌కు ఏడెనిమిది నిమిషాలు. ప్రతిదానికీ పాత వెర్షన్, కొత్త వెర్షన్, మొదలైన సమయం, ముగిసిన సమయం రాసుకున్నాను. ఏడో నంబరు ఒక్కటే మిగిలింది. వరసగా చేస్తూ వచ్చి దాన్ని ఎందుకు దాటేశానంటే, దాని ముందు ఒక దిండు వేసిన కుర్చీ ఉంది. మిగతా వాటి ముందు ప్లాస్టిక్ స్టూళ్లే.

అది డానియేలు సారు కుర్చీ అని బాబురావు చెప్పాడు. నాకంటే ముందు ఈ సెంటర్ పని చూసిన ఆయన. పనున్నా లేకున్నా ప్రతి ఆదివారం ప్రార్థన అయిపోగానే వచ్చి ఏడో నంబరు ముందు గంటసేపు కూర్చునేవాడట. టైపు చేసేది లేదు, ఆట ఆడేది లేదు. ఊరికే కూర్చునేవాడట. కాంట్రాక్టు మారి పని నాకు వచ్చాక కూడా రెండుసార్లు వచ్చి గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయాడని చెప్పాడు.

రిజిస్టర్ తిరగేశాను. నాలుగేండ్ల నుంచి ప్రతిసారీ పదకొండు మిషన్ల ఎదుట 'పూర్తి' అని ఉంది. ఏడో నంబరు ఎదుట డానియేలు గుండ్రటి అక్షరాలతో 'చేయలేదు' అని ఉంది. కారణం రాయలేదు. అలాంటి ఖాళీలు నాకు నచ్చవు. మిషన్‌ను విప్పి చూశాను. బోర్డు, ప్రాసెసర్, చిప్పు, అన్నీ మిగతా పదకొండింటిలాంటివే. కొత్త సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా సరిపోతుంది. బయాస్ ఒక్కటే నాలుగేండ్ల పాతది. దాన్ని వదిలేస్తే రేపు పొద్దున ఒక పిల్లో పిల్లాడో పరీక్ష రాయలేక లేచి నిలబడాల్సి వస్తుంది.

బయాస్ లోపలికి పోవాలంటే పాస్‌వర్డ్ అడిగింది. మా పనిలో ఒక అలవాటుంది. కంపెనీ ఇచ్చే పాస్‌వర్డ్ గుర్తుండదని చాలామంది తమ పిల్లల పేరే పెడతారు. నేను అది ఎప్పుడూ చేయలేదు. డానియేలు చేశాడు. రిజిస్టర్‌లో ఏడో నంబరు ఎదుట, పాస్‌వర్డ్ గడిలో 'అఖిల' అని ఉంది. కొట్టగానే తెరుచుకుంది.

పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెడితే తప్ప అప్‌డేట్ ముందుకు పోనంది. అఖిల పేరు తీసేశాను. కంపెనీ పాస్‌వర్డ్ కొట్టాను. ఒప్పుకోలేదు. అక్షరాలు పెంచాను. ఒప్పుకోలేదు. అంకెలు కలిపాను... ఒప్పుకోలేదు. నాలుగోసారి వేళ్లు వాటంతటవే కదిలాయి. పొద్దుటి నుంచి తలలో తిరుగుతున్న పేరే కొట్టాను. ఆశ్రిత.

వెంటనే ఒప్పుకుంది.

అప్‌డేట్ కాగానే మార్చేద్దాం అనుకున్నాను. ఒంటిగంట నలభై రెండు అని సమయం రాసుకున్నాను. 'కంప్యూటర్ ఆపవద్దు' అనే హెచ్చరికా, కింద తెల్లటి గీతా వచ్చాయి. పది శాతం... ఇరవై... ముప్పై. మామూలుగానే పోతోంది.

అరవై ఒకటి దగ్గర ఆగింది.

ఆగడం కొత్త కాదు. చేతులు కట్టుకుని చూస్తున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. అక్క.

"సుజనా, గాబరా పడకు. ఆశ్రిత లేస్తలేదు."

అన్నం తింటూ తింటూ, ముద్ద నోట్లో ఉండగానే పక్కకు ఒరిగిపోయిందట. జలుబు మందుకు నిద్ర వచ్చిందేమో అనుకుని పండబెట్టిందట. లేపితే లేవడం లేదు. ఊపిరి ఆడుతోంది. ఒళ్లు చల్లగానే ఉంది. వీధి చివరి డాక్టర్ కోసం మనిషిని పంపిందట. ఎన్నింటికి ఒరిగిందని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకో అక్కకు అర్థం కాలేదు. పావు తక్కువ రెండుకు కొంచెం ముందు అంది.

నేను రిజిస్టర్‌లో రాసుకున్న సమయం వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఇటువంటివి నేను నమ్మను. పిల్ల అక్కడ, మిషన్ ఇక్కడ. నడుమ ఎన్నో ఊళ్లు. అక్కను ఫోన్ పెట్టేయకుండా ఆశ్రిత పక్కనే కూర్చోమని చెబుతుండగా... కరెంటు పోయింది.

ట్యూబ్‌లైట్లు ఆరిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ నెమ్మదించి ఆగింది. చీకట్లో పన్నెండు తెరలు నీలంగా మిగిలాయి. యూపీఎస్ బీప్ మంది. నేను వంగి, పరుగెత్తి, ఒక్కొక్కటిగా పదకొండూ ఆపేశాను. ఏడో నంబరు ఒక్కటే మిగిలింది. ఒక్కదానికి మూడు గంటలు. భయం లేదు. భయం లేదు అని నాకు నేనే పైకి చెప్పుకున్నాను.

యూపీఎస్ ముందు ఐదు పచ్చ దీపాలుంటాయి. నేను చూస్తుండగానే ఒకటి ఆరిపోయింది. రెండు నిమిషాలకు ఇంకొకటి. నడుస్తున్నది ఒక్క కంప్యూటర్. బ్యాటరీ మాత్రం గది నిండా ఎవరెవరో కూర్చుని తాగుతున్నట్టు దిగిపోతోంది.

తెర మీద అరవై ఒకటి, అరవై అయింది.

అది వెనక్కి రాదు. పన్నెండేండ్ల నుంచి ఈ పని చేస్తున్నాను. ఆ గీత ఎప్పుడూ వెనక్కి రాదు.

రిజిస్టర్ అట్ట మీద డానియేలు నంబరుంది. అక్క ఫోన్ అలాగే ఉంచి, బాబురావు ఫోన్ తీసుకుని చేశాను. వెనక చర్చి పాటలు వినిపించాయి. నేనెవరో చెప్పి, ఏడో నంబరు మధ్యలో ఆగింది, కరెంటు పోయింది, ఇదివరకు ఇట్లెప్పుడైనా అయిందా అని అడిగాను. పాటలు దూరమయ్యాయి. ఆయన బయటికి నడిచినట్టున్నాడు.

"అఖిల పేరు?" అన్నాడు మెల్లగా.

"తీసేసిన అన్నా. తీయకుంటే ముందుకు పోతలేదు."

ఆయన అడుగుల చప్పుడు ఆగింది.

"మరి ఏ పేరు పెట్టినవ్?"

పేరు పెట్టానని నేనాయనకు చెప్పలేదు.

"మా బిడ్డది."

"కరెంటు పోనియ్యకు చెల్లె" అన్నాడు. "ఏమన్న చెయ్యి. అది పూర్తయ్యేదాక పోనియ్యకు."

తర్వాత గబగబా, గుసగుసగా చెప్పాడు. నాలుగేండ్ల కింద ఇదే గదిలో, ఇదే మిషన్‌కు కూతురి పేరు పెట్టి అప్‌డేట్ వేశాడు. అప్పుడు యూపీఎస్ లేదు. మధ్యలో కరెంటు పోయింది. బోర్డు చచ్చిపోయింది. పక్క మిషన్ బయాస్‌ను కాపీ తీసి, దీని చిప్పులో నింపి లేపాడు. అలా నింపితే పాత పాస్‌వర్డ్ ఉండకూడదు. కానీ లేవగానే అఖిల పేరే అడిగింది. పని అయిందన్న సంతోషంతో ఇంటికి పోయేసరికి ఏడేండ్ల పిల్ల చాప మీద పడుకుని ఉంది. మళ్లీ లేవలేదు. అందుకే ఆయన ఆ పేరు తీయలేదు. అప్‌డేట్ పెట్టలేదు.

మూడో దీపం ఆరిపోయింది.

బాబురావుకు ఏం చెప్పానో గుర్తులేదు. మా బిడ్డ అన్నట్టున్నాను. ముసలాయన ఇంకేమీ అడగలేదు. పక్క ఫంక్షన్ హాల్‌లో జనరేటర్ నడుస్తోంది. మెట్లెక్కి పరుగెత్తాడు. అక్కడి వంటవాళ్లతో ఉర్దూలో గట్టిగా మాట్లాడడం కంతలోంచి వినిపించింది. బచ్చీ కీ జాన్ కా సవాల్ హై, పిల్ల ప్రాణం సంగతి, అంటున్నాడు.

నేను ఏడో నంబరు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. యాభై ఎనిమిది. ఫ్యాన్ చప్పుడు మారింది. తిరుగుతోంది, ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది. లోపలికి... బయటికి. ఫోన్‌లో అక్క ఏడుస్తోంది. డాక్టర్ వచ్చాడట. నాడి మెల్లగా కొట్టుకుంటోంది అంటున్నాడట. అక్క ఫోన్‌ను ఆశ్రిత ముక్కు దగ్గర పెట్టింది. లోపలికి... బయటికి. రెండు చప్పుళ్లూ ఒక్కసారే వినిపిస్తున్నాయి. ఒక్కసారే ఆగుతున్నాయి.

నాలుగో దీపం పోయింది. యాభై ఐదు.

కంతలోంచి జనరేటర్ వైరు చివర జారిపడింది. బాబురావు మళ్లీ మెట్లు దిగి వచ్చి దాన్ని అందుకుని లాగాడు. యూపీఎస్ ప్లగ్‌కు మూరెడు దూరంలో ఆగిపోయింది. ఇంకా లాగితే అవతల ఊడిపోతుంది. మిగిలింది ఒక్కటే దారి. యూపీఎస్ ఉన్న ఇనుప స్టాండునే వైరు వైపు జరపాలి. కానీ దాన్నుంచి ఏడో నంబరుకు వచ్చే తీగ అప్పటికే బిగుసుకుని ఉంది.

"నేను నూకుత. నువ్వు ఇటు చూడు" అన్నాడు.

కంప్యూటర్ వెనక ప్లగ్ ఊడకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని, బరువంతా దాని మీద వేసి, కంప్యూటర్‌తో పాటు బల్ల అంచుదాకా జరిగాను. నా మొహం దాని వెనక జాలీకి ఆనింది. వెచ్చటి గాలి నా చెంపకు తగిలింది. దుమ్ము వాసన రావాలి. కాలిన ప్లాస్టిక్ వాసన రావాలి. కొబ్బరినూనె వాసన వచ్చింది. నిద్రపోయే పిల్ల నెత్తి వాసన. దానిలో జలుబుకు ఛాతీకి రాసే మందు వాసన కూడా ఉంది.

"అమ్మ ఈడనే ఉన్న" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

స్టాండు కీచుమంటూ కదిలింది. ఐదో దీపం ఎర్రబడింది. బీప్... బీప్... బీప్. తర్వాత ఆగకుండా ఒకటే మోత. బాబురావు ఉర్దూలో ఒక తిట్టు తిట్టి, పొట్టను స్టాండుకు ఆనించి ఒక్క తోపు తోశాడు. ప్లగ్ లోపలికి దిగింది.

మోత ఆగింది.

యాభై మూడు దగ్గర నిలబడ్డ గీత కాసేపు వణికింది. యాభై నాలుగు. అరవై. ఎనభై. నేను ఊపిరి పీల్చుకునే లోపల వంద. తెర నల్లబడింది. ఒకటి, రెండు, మూడు... పదకొండు దాకా లెక్కపెట్టాను. అంత సేపు ఏ మిషనూ తీసుకోదు.

తెల్లటి పెట్టె ఒకటి వచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి సరిగ్గా పడింది.

"కండ్లు తెరిచింది" అంది అక్క ఫోన్‌లో. "సుజనా, తెరిచింది. నీళ్లడుగుతంది."

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. బాబురావు తన భుజాలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. పైన పెళ్లిలో ఎవరో నవ్వుతున్నారు. బాబురావు ఫోన్‌లో డానియేలు ఇంకా లైన్ మీదనే ఉన్నాడు. బిడ్డ లేచిందని చెప్పాను. దేవునికి స్తోత్రం అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ తర్వాత ఆగి, ఆగి, ఇంకో మాట అడిగాడు.

"చెల్లె... మా అఖిల పేరు మళ్ల పెడ్తవా?"

పెట్టాలంటే ఆశ్రిత పేరు తీయాలి. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"పెడితే మా ఆశ్రితకు ఏమైతది అన్నా?"

"నాకు తెల్వదు" అన్నాడు.

ఏమీ కాదు అని ఆయన అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేను ఫోన్ కట్ చేశాను. ఇప్పటికీ ఆయనకు తిరిగి చేయలేదు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. పన్నెండు మిషన్లూ మరొక్కసారి చూసి, ఏడో నంబరు ఎదుట 'పూర్తి' అని రాశాను. పాస్‌వర్డ్ అని ఉన్న గడిలో ఏమీ రాయలేకపోయాను. అమరనాథ్ సేఠ్ ఫోన్‌లో శభాష్ అన్నారు. ఏడో నంబరును మాత్రం ఎవరూ ఆపొద్దనీ, బయాస్ లోపలికి పోవద్దనీ చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. పని అయింది కదా.

రాత్రికి మంచిర్యాల రైలుకు టికెట్ చేసుకుని, గదికి వచ్చి బట్టలు సర్దుతూ మళ్లీ ఫోన్ చేశాను. అక్క వంటింట్లో ఉంది. వరుణ్ ఆమె కొంగు పట్టుకుని ఏదో కథ చెబుతున్నాడు. వాడి గొంతు దూరంగా వినిపిస్తోంది. ఆశ్రిత ఫోన్ తీసుకుని ముందు గదిలోకి వచ్చి ఒక్కతే కూర్చుంది. ఉప్మా తిన్నానంది. జలుబు తగ్గిందంది. గొంతు మామూలుగా ఉంది. మధ్యాహ్నం ఏమైంది బిడ్డా అని అడిగాను. ఏం కాలే, నిద్ర వచ్చింది అంది. కల ఏమన్నా వచ్చిందా అన్నాను.

నోటికి చేయి అడ్డం పెట్టుకున్నట్టు, మెల్లగా...

"అమ్మా, ఆడ మస్తు ఇరుకుంది. తమ్మునికి గూడ ఇప్పుడే జాగ పట్టిపెట్టుమంటున్రు."

వరుణ్ పేరు నేను ఎక్కడా కొట్టలేదు. ఏ మిషన్‌లోనూ, ఎప్పుడూ.

"ఎవరంటున్రు బిడ్డా?" అన్నాను.

"చెప్పాల్నా?" అంది ఆశ్రిత.

నన్ను అడగలేదు. మొహం పక్కకు తిప్పి అడిగింది. ఎవరిదో జవాబు కోసం ఆగింది.

"ఆఁ... సరే" అంది. ఫోన్ పెట్టేసింది.